డీఎస్‌ఎల్‌ఆరా, మిర్రర్‌లెస్సా? బాడీ కొనేముందు తేల్చుకోవాల్సినవి

నికాన్ డీ780 డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లోపల అద్దం ఉన్న కెమెరా. నికాన్ జెడ్6 మిర్రర్‌లెస్, అంటే ఆ అద్దం లేనిది. రెండిట్లోనూ 24.5 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత) సెన్సరే. ట్రైపాడ్ మీద పెట్టి, ఒకే లెన్స్‌తో, ఒకే ఐఎస్‌ఓలో (వెలుతురుకి స్పందించే స్థాయిలో) తీసిన రెండు రా ఫైళ్లను, అంటే ముడి ఫైళ్లను, పక్కపక్కన తెరిస్తే ఏది దేనిదో చెప్పడం ఎవరికైనా కష్టమే. కానన్ 90డీ, ఎమ్6 మార్క్ 2 జత సంగతీ అంతే, రెండిటికీ 32.5 మెగాపిక్సెళ్ల సెన్సర్. కాబట్టి మిర్రర్‌లెస్ అయితే ఫొటో బాగా వస్తుందని కౌంటర్ దగ్గర ఎవరైనా చెబితే ఆ మాటను అక్కడే వదిలేయొచ్చు. అద్దం తీసేసినందువల్ల మారేవి వేరే ఉన్నాయి: ఫోకస్‌ను ఎక్కడ కొలుస్తారు, కంటికి ఏం కనబడుతుంది, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, ఏ లెన్సులు పడతాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. బాడీ, లెన్సులు అన్నీ కొత్తవే కొనేవాళ్లు మిర్రర్‌లెస్ తీసుకోవాలి. 2020 తర్వాత కానన్ గానీ నికాన్ గానీ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ తేలేదు. పెంటాక్స్ మాత్రం 2021లో కే-3 మార్క్ 3, 2023లో దాని మోనోక్రోమ్ రకం తెచ్చింది. పెద్ద కంపెనీల కొత్త లెన్సులన్నీ మిర్రర్‌లెస్ మౌంట్లకే (లెన్స్ తగిలించే అమరికలకే) వస్తున్నాయి. అయితే బీరువాలో ఇప్పటికే మంచి లెన్సులున్నవాళ్లకి, సెకండ్ హ్యాండ్ కొనడానికి సిద్ధపడ్డవాళ్లకి లెక్క తిరగబడుతుంది. వాళ్లు చాలాసార్లు డీఎస్‌ఎల్‌ఆర్‌తోనే ఎక్కువ బాగుపడతారు.

ఫోకస్ ఎక్కడ తప్పుతుంది

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుతురు 45 డిగ్రీల కోణంలో నిలబడ్డ అద్దం మీద పడి, పైనున్న పెంటాప్రిజం ద్వారా కంటికి చేరుతుంది. ఆ అద్దం మధ్యభాగం కొంత వెలుతురును వెనక్కి పోనిస్తుంది. వెనకున్న చిన్న రెండో అద్దం దాన్ని కిందికి తిప్పి కెమెరా అడుగునున్న ఆటోఫోకస్ మాడ్యూల్‌కి పంపుతుంది. అంటే ఫోకస్ కొలిచేది ఒకచోట, ఫొటో పడేది మరోచోట. ఈ రెండు దారుల పొడవుల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా, లెన్స్ తయారీలో చిన్న వ్యత్యాసం ఉన్నా ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడుతుంది. ఎఫ్/5.6 (అపర్చర్, అంటే లెన్స్ కన్నం కొలత; అంకె పెద్దదైతే కన్నం చిన్నది) కిట్ లెన్స్‌తో ఈ జబ్బు బయటపడదు. 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ పెట్టి దగ్గర్నుంచి మొహం తీస్తే మాత్రం కన్ను మసకగా, చెవి షార్ప్‌గా వస్తుంది. లెన్స్ బాగాలేదని తిట్టుకుని అమ్మేసేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఇదే.

దీన్ని సరిచేసే ఏర్పాటు మధ్య, పై శ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉంటుంది. కానన్ దాన్ని ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్ అంటే నికాన్ ఏఎఫ్ ఫైన్‌ట్యూన్ అంటుంది. రెండిట్లోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా జరపొచ్చు. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, లెన్స్ అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకల్ లెంగ్త్‌కి 25 నుంచి 50 రెట్ల దూరంలో, అంటే 85 ఎంఎం లెన్స్‌కి రెండు నుంచి నాలుగు మీటర్లలో, చదునైన గుర్తు ఒకటి పెట్టాలి. దాని పక్కనే ఏటవాలుగా ఒక స్కేలు. ముందు లైవ్ వ్యూలో (అద్దం లేపి, సెన్సర్ మీది బొమ్మను వెనక తెరపై చూసే పద్ధతిలో) పదిరెట్లు జూమ్ చేసి ఫోకస్ చేసిన ఫొటో ఒకటి తీసుకోండి, అదే ప్రమాణం. తర్వాత వ్యూఫైండర్ ద్వారా ఫోకస్ చేస్తూ కనీసం ఐదారు ఫొటోలు తీయాలి. ప్రతిసారీ ముందు చేత్తో ఫోకస్ చెడగొట్టి మరీ తీయాలి, లేకపోతే కెమెరా కదలకుండా ‘ఫోకస్ ఉంది’ అనేస్తుంది. ఫొటోలన్నీ ఒకేవైపు తప్పుతుంటే ఐదేసి మెట్లు జరిపి చూడండి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి పడుతుంటే అది సర్దుబాటుకి లొంగే రకం కాదు, మాడ్యూల్‌నో లెన్స్‌నో సర్వీసుకి ఇవ్వాల్సిందే.

ఈ సర్దుబాటుకీ హద్దులున్నాయి. మూడు మీటర్ల దగ్గర సరిచేసింది పది మీటర్ల దగ్గర మళ్లీ తప్పొచ్చు. పసుపు బల్బు వెలుతురులో కుదిరింది ఎండలో కుదరకపోవచ్చు. జూమ్ లెన్సులో రెండు చివర్లకీ రెండు విలువలు కావాలి. కానన్ 5డీ మార్క్ 3 నుంచి పై శ్రేణి మోడళ్లలో ఆ వీలుంది. నికాన్ డీ500, డీ850లు లైవ్ వ్యూతో పోల్చుకుని తమంతట తామే విలువ పట్టుకుంటాయి. నికాన్ డీ3500, డీ5600, కానన్ 1500డీ లాంటి ప్రవేశ స్థాయి బాడీల్లో మాత్రం ఈ సర్దుబాటే లేదు. అంటే చవక డీఎస్‌ఎల్‌ఆర్ మీద ఎఫ్/1.4 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) పెట్టుకోవడం కొంత జూదమే.

మిర్రర్‌లెస్‌లో ఈ తలనొప్పి పుట్టుకతోనే లేదు. ఫోకస్ కొలిచే పిక్సెళ్లు సెన్సర్ మీదే ఉంటాయి, ఫొటో పడేదీ అక్కడే. పైగా ఫ్రేమ్ మూలల దాకా ఫోకస్ పాయింట్లు పరుచుకుంటాయి. సోనీ ఏ7 3 లో 693 పాయింట్లు ఫ్రేమ్‌లో 93 శాతాన్ని కప్పుతాయి. నికాన్ డీ850లో 153 ఉన్నా అన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. కన్ను గుర్తుపట్టే ఫోకస్ వచ్చాక పోర్ట్రెయిట్ తీసేవాళ్ల పని నిజంగా తేలికైంది. మొహం ఎక్కడుందో కెమెరా చూసుకుంటే తీసేవాళ్లు కూర్పు మీద దృష్టి పెట్టొచ్చు. ఇంకో లాభం: చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఫోకస్ మాడ్యూల్ ఎఫ్/5.6 దగ్గరో, మంచివైతే ఎఫ్/8 దగ్గరో ఆగిపోతుంది. కానన్ 2020లో తెచ్చిన ఆర్ఎఫ్ 600 ఎంఎం, 800 ఎంఎం ఎఫ్/11 లెన్సులు మిర్రర్‌లెస్ కాబట్టే సాధ్యమయ్యాయి.

అలాగని మిర్రర్‌లెస్ ఫోకస్‌కి లోపాలు లేవనుకోవద్దు. చాలా బాడీల్లో సెన్సర్ మీది పిక్సెళ్లు ఒకే దిశలో కొలుస్తాయి. నిలువు గీతలు పట్టుకుంటాయి గానీ అడ్డగీతల దగ్గర తడబడతాయి. కిటికీ బ్లైండ్లు, అడ్డచారల చొక్కా, సముద్రం మీది అంచుగీత ముందు ఫోకస్ ఊగిసలాడుతుంటే కెమెరాను కొద్దిగా పక్కకి వంచి ఫోకస్ పట్టి, మళ్లీ నిటారుగా చేసుకుంటే చాలు. మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో రెండు దిశల్లోనూ కొలిచే క్రాస్ టైప్ పాయింట్లకి ఈ ఇబ్బంది ఉండదు. మిర్రర్‌లెస్‌లలో ఓఎం-1, కానన్ ఆర్1 లాంటి కొన్ని మాత్రమే రెండు దిశల్లోనూ కొలుస్తాయి.

రెండోది వెనకదృశ్యాన్ని పట్టుకుని వదలకపోవడం. కొమ్మల మధ్య పిట్ట పూర్తిగా మసకగా ఉన్నప్పుడు కెమెరాకి వెనకున్న ఆకులే స్పష్టంగా కనబడతాయి, వాటికే అతుక్కుపోతుంది. షట్టర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. రింగు తిప్పి ఫోకస్‌ను ముందుకు లాగి అప్పుడు వదలాలి, లేదా దగ్గరున్న వేరే వస్తువు మీద ఒకసారి ఫోకస్ చేసి పిట్ట మీదకి రావాలి. చీకటి హాళ్లలో ఇంకో చిక్కుంది. ఫ్లాష్ ముందుభాగం నుంచి వచ్చే ఎర్రటి ఫోకస్ సాయం గీతలు చాలా మిర్రర్‌లెస్ బాడీలకి అక్కరకు రావు, డీఎస్‌ఎల్‌ఆర్‌కి మాత్రం చీకట్లో అవే ఆధారం. పెళ్లి రిసెప్షన్లలో ఫ్లాష్‌తో పనిచేసేవాళ్లు బాడీ మార్చేముందు ఇది తప్పకుండా పరీక్షించుకోవాలి.

ఎగిరే పక్షులు, ఆటల పోటీల సంగతికొస్తే బాడీ స్థాయే లెక్క. నికాన్ డీ500 వాడుతున్నవాళ్లు కేవలం మిర్రర్‌లెస్ అన్న పేరు చూసి జెడ్50కి మారితే రెండడుగులు వెనక్కి పోయినట్టే.

కంటికి కనబడేది

ఆప్టికల్ వ్యూఫైండర్‌లో కనబడేది నేరుగా వెలుతురే. ఆలస్యం ఉండదు, కరెంటు ఖర్చు ఉండదు, ఎదురెండలోనూ కళ్లకి హాయిగా ఉంటుంది. కానీ ఫొటో ఎలా రాబోతోందో అది చెప్పదు. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, హిస్టోగ్రామ్ అన్నీ క్లిక్ చేయకముందే చూపిస్తుంది. మాన్యువల్ మోడ్ నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి గురువు లేదు.

ప్రవేశ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండేది పెంటాప్రిజం కాదు, లోపల అద్దాలు అతికించిన పెంటామిర్రర్. కానన్ 1500డీలో అది ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుంది. అంచుల్లో కనబడని కొమ్మో, చెయ్యో ఫొటోలోకి వచ్చేస్తుంది. బొమ్మ కూడా చిన్నదిగా, సొరంగం చివర్న ఉన్నట్టుంటుంది. ఈ ధరశ్రేణిలో 23.6 లక్షల చుక్కల మామూలు ఎలక్ట్రానిక్ వ్యూఫైండరే మేలు. అదే డీ850 స్థాయి పెంటాప్రిజంతో పోల్చాలంటే ఎలక్ట్రానిక్ పక్కన కనీసం 36 లక్షల చుక్కలు, సెకనుకి 120 ఫ్రేముల రిఫ్రెష్ ఉండాలి. 60 ఫ్రేముల దగ్గర కెమెరాను వేగంగా తిప్పితే బొమ్మ సాగుతూ వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లోని ఫోకసింగ్ స్క్రీన్ మామూలుగా ఎఫ్/2.8 కంటే పలచని డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌ను (ఫోకస్‌లో ఉండే లోతును) చూపలేదు. ఎఫ్/1.4 లెన్స్ పెట్టి చేత్తో ఫోకస్ చేస్తే, కంటికి బాగున్నట్టే ఉంటుంది గానీ ఫైల్‌లో తప్పుతుంది. పాత మాన్యువల్ లెన్సుల మీద మోజున్నవాళ్లు మరో ఆలోచన లేకుండా మిర్రర్‌లెస్ తీసుకోవాలి. జూమ్ చేసి చూడొచ్చు, ఫోకస్ పీకింగ్ అంచులకు రంగు పూసి చూపిస్తుంది. పీకింగ్ ఒక్కదాన్నే నమ్మితే మాత్రం ఎఫ్/2 కంటే పెద్ద అపర్చర్లలో కాస్త అటూఇటూ అవుతుంది. ముందు పీకింగ్‌తో దగ్గరికి తెచ్చుకుని, ఆపైన జూమ్ చేసి ఖాయం చేసుకోవాలి.

స్టూడియోలో మిర్రర్‌లెస్‌ను మొదటిసారి వాడేవాళ్లు దాదాపు అందరూ బోల్తాపడేచోటు ఇది: 1/160, ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 పెట్టగానే వ్యూఫైండర్ నల్లగా అయిపోతుంది. కెమెరా చెడిపోలేదు. ఫ్లాష్ వెలగకుండా ఆ సెట్టింగులకి ఫొటో ఎంత చీకటిగా వస్తుందో అంత చీకటినే నిజాయితీగా చూపిస్తోంది. కానన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్, సోనీలో లైవ్ వ్యూ డిస్‌ప్లే సెట్టింగ్ ఎఫెక్ట్, ఫ్యూజీలో మాన్యువల్ మోడ్ ప్రివ్యూ ఆఫ్ చేయాలి. దాన్ని ఒక బటన్‌కి కేటాయించుకుంటే బయటికీ లోపలికీ మారినప్పుడల్లా మెనూల్లో వెతుక్కోనక్కర్లేదు.

సైలెంట్ షట్టర్‌తో వచ్చే చిక్కులు

మిర్రర్‌లెస్ ప్రకటనల్లో ఎక్కువగా ఊదరగొట్టేది శబ్దం లేని షట్టర్ గురించి, సెకనుకి 20, 30 ఫ్రేముల గురించి. అవన్నీ ఎలక్ట్రానిక్ షట్టర్ అంకెలు. సెన్సర్ తన వరసలన్నిటినీ ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా చదువుతుంది. మామూలు సెన్సర్లకి ఫ్రేమ్ మొత్తం చదవడానికి 1/15 నుంచి 1/60 సెకను దాకా పడుతుంది. షట్టర్ స్పీడ్ 1/4000 పెట్టినా ఈ చదివే సమయం తగ్గదు. అందుకే క్రికెట్ బ్యాటు విల్లులా వంగుతుంది, పరుగెత్తే రైలు పక్కకి ఒరుగుతుంది. ఫ్లాష్ కూడా చాలా బాడీల్లో ఈ షట్టర్‌తో పనిచేయదు. కొన్ని బాడీలు 14 బిట్ల రా ఫైల్‌ని 12 బిట్లకి తగ్గించేస్తాయి కూడా, నీడల్ని బాగా పైకి లాగితే ఆ తేడా తెలుస్తుంది.

అసలు దెబ్బ ఎల్ఈడీ వెలుతురులో తగులుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు. కంటికి తెలియదు గానీ వరసవరసగా చదివే సెన్సర్‌కి తెలుస్తుంది, ఫొటో నిండా అడ్డపట్టీలు వస్తాయి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో వాటిని శుభ్రంగా తీసేయడం అయ్యే పని కాదు. 50 హెర్ట్జ్ చోట 1/50 గానీ 1/100 గానీ, 60 హెర్ట్జ్ చోట 1/60 గానీ 1/125 గానీ పెడితే చాలావరకు తగ్గుతాయి. వేదికల మీది ఎల్ఈడీ తెరలు, రంగుల లైట్లు ఇంకా వేగంగా మిణుకుతాయి కాబట్టి అక్కడ ఈ చిట్కా పారదు. మెకానికల్ షట్టర్‌కి మారిపోవడమే మార్గం. దాని తెర సెన్సర్‌ని దాటడానికి 1/250 సెకను చుట్టుపక్కలే పడుతుంది కాబట్టి పట్టీలు బాగా తగ్గుతాయి.

స్టాక్‌డ్ సెన్సర్ (చాలా వేగంగా చదివే పొరల సెన్సర్) ఉన్న బాడీలకి ఈ గొడవ దాదాపు ఉండదు. నికాన్ 2021లో జెడ్9 నుంచి మెకానికల్ షట్టర్‌నే తీసేసింది, అంత వేగంగా చదువుతుంది దాని సెన్సర్. సోనీ ఏ9 3 అయితే గ్లోబల్ షట్టర్‌తో అన్ని వరసల్నీ ఒకేసారి చదివేస్తుంది. బదులుగా దాని కనీస ఐఎస్‌ఓ 250. ఈ బాడీల ధర మామూలు వాటికి రెట్టింపు పైమాటే. క్రీడలు, వేదిక కార్యక్రమాలు తీసి సంపాదించేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి అంత ఖర్చు దండగ.

చవక మిర్రర్‌లెస్‌లలో దాచిన కత్తిరింపు ఒకటుంది. కానన్ ఆర్8లో పూర్తి మెకానికల్ షట్టర్ లేనే లేదు, మొదటి తెర ఎలక్ట్రానిక్‌గా మొదలై రెండో తెర మాత్రమే కదులుతుంది. ఎఫ్/1.4 లాంటి లెన్స్‌తో ఎండలో 1/2000 దాటితే వెనకున్న వెలుగు గుండ్రాలు సగం కోసినట్టు వస్తాయి. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) పెట్టి స్పీడు తగ్గించుకోవాలి.

డీఎస్‌ఎల్‌ఆర్ షట్టర్‌కి ఈ బాధలు లేవు గానీ దానికున్న అద్దమే ఒక బాధ. ట్రైపాడ్ మీద టెలీ లెన్స్‌తో 1/60 నుంచి 1/4 మధ్య తీస్తే అద్దం ఎగిరిన అదురుకి ఫొటో మసకబారుతుంది. మిర్రర్ లాకప్ పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయాలి. పొడవైన ఎక్స్‌పోజర్లలో వ్యూఫైండర్ కన్నం గుండా వెలుతురు లోపలికి దూరుతుంది, కానన్‌లో దాన్ని మూసే రబ్బరు మూత స్ట్రాప్‌కే తగిలించి ఉంటుంది, వాడేవాళ్లు తక్కువ.

వీడియో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వీడియో మొదలవగానే అద్దం పైకి లేచి వ్యూఫైండర్ చీకటైపోతుంది. కానన్‌లో డ్యుయల్ పిక్సెల్ (సెన్సర్ మీదే ఫోకస్ కొలిచే ఏర్పాటు) ఉన్న 70డీ తరవాతి చాలా మోడళ్లు తప్పిస్తే లైవ్ వ్యూ ఫోకస్ నత్తనడకే. నికాన్‌లో ఆ మినహాయింపు డీ780 ఒక్కటే. వీడియో సగం పనైనా అయితే డీఎస్‌ఎల్‌ఆర్ ఊసెత్తొద్దు.

బ్యాటరీ, బరువు

డీ780, జెడ్6 రెండూ వాడేది ఈఎన్-ఈఎల్15బీ బ్యాటరీయే. సీపా (జపాన్ కెమెరా తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం డీ780 దాంతో 2260 ఫొటోలు తీస్తుంది, జెడ్6 తీసేది 310. కారణం సూటిగా ఉంది: మిర్రర్‌లెస్‌లో కళ్లు పెట్టి చూస్తున్నంతసేపూ సెన్సర్, ప్రాసెసర్, తెర మూడూ పనిచేస్తూనే ఉంటాయి. గబగబా బర్స్ట్‌లో తీస్తే 310 కంటే చాలా ఎక్కువే వస్తాయి. పిట్ట ఎప్పుడు ఎగురుతుందా అని గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటే ఒక్క ఫొటో తీయకుండానే బ్యాటరీ అయిపోతుంది. మిర్రర్‌లెస్ కొంటే అదనపు బ్యాటరీలు రెండు బడ్జెట్‌లో కలుపుకోవాలి. కొత్త బాడీలు చాలావరకు యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అవుతాయి కాబట్టి పవర్ బ్యాంక్ ఉంటే ప్రయాణాల్లో నెట్టుకురావచ్చు.

బరువు లెక్క చాలామంది అనుకున్నట్టు ఉండదు. బ్యాటరీ, కార్డుతో కలిపి డీ780 840 గ్రాములు, జెడ్6 675 గ్రాములు. పాత లెన్సులు తగిలించడానికి మొదటి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే అదొక 135 గ్రాములు. మిగిలింది 30 గ్రాములు. చిన్న బాడీల్లో అయితే డీఎస్‌ఎల్‌ఆరే తేలిక కావచ్చు: డీ3500 415 గ్రాములు, జెడ్50 450 గ్రాములు. లెన్సుల్లో తేడా నిజంగానే కనిపించేచోట్లు ఉన్నాయి. కానన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 మొదటి మోడల్ 1070 గ్రాములు, డీఎస్‌ఎల్‌ఆర్‌లకి చేసిన దాని ఈఎఫ్ అన్నగారు 1.4 కిలోలు. కానీ ఆ తేలికతనానికి ఒక మూల్యం ఉంది, ఆర్ఎఫ్ లెన్స్‌కి టెలీకన్వర్టర్ (దూరాన్ని ఇంకా దగ్గరికి తెచ్చే అదనపు లెన్స్) తగలదు.

లెన్సులు, అడాప్టర్లు

డబ్బు ఎక్కువగా పోయేదీ, తప్పుడు నిర్ణయం ఎక్కువకాలం వెంటాడేదీ ఇక్కడే. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఎఫ్ మౌంట్‌లో లెన్స్ అంచు నుంచి సెన్సర్ దాకా 46.5 మిల్లీమీటర్లు, మిర్రర్‌లెస్‌ల జెడ్ మౌంట్‌లో 16. అలాగే కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్‌లో 44, మిర్రర్‌లెస్‌ల ఆర్ఎఫ్‌లో 20. ఆ తేడాని నింపే ఖాళీ గొట్టమే అడాప్టర్. లోపల గాజు ఉండదు కాబట్టి నాణ్యత తగ్గదు. డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌ను మిర్రర్‌లెస్ మీద వాడొచ్చు, మిర్రర్‌లెస్ లెన్స్‌ను డీఎస్‌ఎల్‌ఆర్ మీద వాడలేం. ఈ ఒక్క కారణంతోనే సగం దారిలో ఉన్నవాళ్లు ముందు మంచి డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు కొనుక్కున్నా నష్టపోరు.

కానన్‌వాళ్లు అదృష్టవంతులు. ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులన్నీ అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి, చాలాసార్లు డీఎస్‌ఎల్‌ఆర్ మీదకంటే ఖచ్చితంగా. నికాన్‌లో మాత్రం బాడీలోని మోటారుతో తిరిగే ఏఎఫ్-డీ లెన్సులకి ఎఫ్‌టీజెడ్ మీద ఆటోఫోకస్ రాదు. 50 ఎంఎం ఎఫ్/1.8డీ, 80-200 ఎఫ్/2.8డీ లాంటివి నాలుగైదున్నవాళ్లు డీ750, డీ850 మీదే ఉండిపోవడం తెలివైన పని. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అని రాసి ఉంటే భయం లేదు. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) లెన్సులను ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ మీద పెడితే ఫ్రేమ్ కత్తిరించి 24 మెగాపిక్సెళ్లు పదికి, కానన్ ఆర్6లో అయితే 20 కాస్తా ఎనిమిది లోపుకి పడిపోతాయి.

కానన్ ఎమ్50 సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతుంది, ఫొటోలూ బాగుంటాయి. కానీ ఆ ఎమ్ వరస మిర్రర్‌లెస్‌ల ఈఎఫ్-ఎమ్ మౌంట్ కథ ముగిసిపోయింది. ఆ లెన్సులను ఆర్ఎఫ్ బాడీకి తగిలించే దారి లేదు, ఎందుకంటే ఈఎఫ్-ఎమ్ దూరం 18 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్ 20. అడాప్టర్‌కి చోటే లేదు. ఎమ్ లెన్సుల మీద ఇక ఖర్చు పెట్టకూడదు.

బయటి కంపెనీల లెన్సులు కావాలంటే సోనీ ఈ మౌంట్ ముందుంది, సిగ్మా, టామ్రాన్ లెన్సులు కుప్పలుగా ఉన్నాయి. కానన్ 2024లో గానీ వాళ్లకి దారివ్వలేదు, అదీ ఏపీఎస్-సీ లెన్సులకే. బాడీ ఎంచుకునేముందు రాబోయే మూడేళ్లలో కొనబోయే మూడు లెన్సుల పేర్లు కాగితం మీద రాసి, ఆ మూడూ ఆ మౌంట్‌లో మీ బడ్జెట్‌కి దొరుకుతాయో లేదో చూడండి. దొరకకపోతే ఆ బాడీ ఎంత బాగున్నా పక్కన పెట్టాలి.

పరిమిత బడ్జెట్ వాళ్లకి మా సలహా సూటిగా: కానన్ ఆర్100 లాంటి, టచ్ కూడా లేని కదలని తెర ఉన్న కొత్త మిర్రర్‌లెస్, కిట్ లెన్స్ కొనేకంటే, సెకండ్ హ్యాండ్ కానన్ 80డీ లేదా నికాన్ డీ7200, దాంతో 50 ఎంఎం ఎఫ్/1.8, ఒక ఫ్లాష్ కొనుక్కుంటే ఎక్కువ నేర్చుకుంటారు, ఎక్కువ తీస్తారు. రెండు బాడీల్లోనూ ఫోకస్ సర్దుబాటు ఉంది, ఎక్స్‌పోజర్ మార్చడానికి రెండు డయల్స్ ఉన్నాయి.

సెకండ్ హ్యాండ్ బాడీ చూసేటప్పుడు

షట్టర్ కౌంట్ మొదట అడుగుతారు. కానన్ 5డీ మార్క్ 4ని లక్షన్నర క్లిక్కులకి, నికాన్ డీ850ని రెండు లక్షలకి పరీక్షించారు. నికాన్ ఫొటో ఫైల్ సమాచారంలోనే ఆ అంకె ఉంటుంది. కానన్‌కి కేబుల్, సాఫ్ట్‌వేర్ కావాలి. అంకె తక్కువుంటే సంతోషమే గానీ, పదేళ్లు తేమలో మూలపడున్న పదివేల క్లిక్కుల కెమెరా కంటే వాడుకలో ఉన్న అరవైవేల క్లిక్కులదే నయం.

లెన్స్ మూత పెట్టి, ఐఎస్‌ఓ 800లో పది సెకన్ల ఫొటో తీయండి. చుక్కలు కొన్ని ఉండటం మామూలే, గీతలుంటే వదిలేయండి. లేజర్ షోలు తీసిన మిర్రర్‌లెస్‌లలో ఈ గీతలు ఎక్కువ. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫొటో తీసే క్షణం తప్ప సెన్సర్ ముందు అద్దం అడ్డుంటుంది, మిర్రర్‌లెస్ సెన్సర్ ఆన్‌లో ఉన్నంతసేపూ తెరుచుకునే ఉంటుంది. తర్వాత తెల్లగోడను ఫోకస్ చెడగొట్టి ఎఫ్/16లో తీస్తే దుమ్ము మచ్చలు కనబడతాయి. దుమ్ము బ్లోయర్‌తో పోతుంది, అంచులు స్పష్టంగా ఉండే గుండ్రటి నూనె మచ్చలకి తడి స్వాబ్ కావాలి. డీఎస్‌ఎల్‌ఆర్ అద్దాన్ని మాత్రం గుడ్డతో తుడవొద్దు, వెండిపూత పైనే ఉంటుంది, గీతలు పడిపోతాయి.

నికాన్ ఎఫ్ లెన్స్ అయితే ఎఫ్/4, ఎఫ్/8, ఎఫ్/16లలో సరిసమానమైన ఎక్స్‌పోజర్‌తో మూడు ఫొటోలు తీయాలి. ఎఫ్/16ది తెల్లగా వస్తే అపర్చర్ లివర్ గానీ రేకులు గానీ పట్టేస్తున్నట్టు. మిర్రర్‌లెస్‌లో స్టెబిలైజర్ ఆన్ చేసి 1/10లో చేత్తో నాలుగు ఫొటోలు తీసి చూడాలి, ఒకవైపు మూల మాత్రమే మసకగా వస్తుంటే సెన్సర్ తన స్థానంలో నిలవట్లేదని అనుమానించాలి. షట్టర్ రేకులు మడతపడ్డాయేమో టార్చి వేసి చూడాలి, వేలితో తాకొద్దు. వ్యూఫైండర్ దగ్గరికి కన్ను తీసుకెళ్తే తెర తనంతట మారుతోందా, మౌంట్‌కి లెన్స్ తగిలిస్తే వదులుగా ఊగుతోందా అన్నవీ చూసుకోవాలి.

చివర్న డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్ వ్యూతో ఒకటి, పూర్తి అపర్చర్‌లో, ఒకే వస్తువుని తీయండి. మీ సొంత కార్డులో, రా ఫార్మాట్‌లో. కెమెరా తెర మీద కాకుండా ల్యాప్‌టాప్‌లో వందశాతం జూమ్ చేసి రెండూ పోల్చాకే డబ్బు చేతికివ్వండి.